పళ్ళెంలో కళ్ళు, చేతిలో పట్టకారు

ఇటలీ చర్చిల్లోని పాత చిత్రాల పుస్తకం ఎప్పుడైనా మీ చేతికి వచ్చిందా? వస్తే పేజీలు గబగబా తిప్పేయకుండా ఆడవాళ్ళ బొమ్మల దగ్గర కాస్త ఆగండి. ఖరీదైన బట్టలు, తల వెనక బంగారు వలయం, ముఖంలో ఎంతో నెమ్మది. పేరంటానికి వచ్చినంత తీరుగా ఒకమ్మాయి చేతిలో పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంటుంది. పళ్ళెంలో ఏముందా అని దగ్గరగా చూస్తే రెండు కళ్ళు! ఇంకొకమ్మాయి పళ్ళెంలో గుండ్రంగా, తెల్లగా ఏవో రెండు ఉంటాయి. మిఠాయిలేమో అనుకుంటాం. కాదు, అవి ఆమె రొమ్ములు. మరొకామె పట్టకారుతో ఒక పన్ను పట్టుకుని మనకు చూపిస్తూ ఉంటుంది.

ఒళ్ళు జలదరించింది కదూ? ఇలాంటి బొమ్మలు గుళ్ళో ఎందుకు పెట్టుకున్నారో అనిపిస్తుంది. వీళ్ళెవరో తెలిస్తే మాత్రం జలదరింపు పోయి, ఆ పిల్లల ముఖాలు మళ్ళీ ఒకసారి చూడాలనిపిస్తుంది.

క్రీస్తు తర్వాత మొదటి మూడు వందల ఏళ్ళు రోమ్ సామ్రాజ్యంలో క్రైస్తవులది అస్థిరమైన బతుకు. కొన్నేళ్ళు చూసీచూడనట్టు వదిలేసేవారు, కొన్నేళ్ళు విరుచుకుపడేవారు. క్రీ.శ. 250లో డేసియస్ చక్రవర్తి, ప్రజలంతా రోమ్ దేవతలకు బలి అర్పించి, అర్పించినట్టు సర్టిఫికెట్ కూడా తీసుకోవాలన్నాడు. 303లో డయొక్లీషియన్ చర్చిలు కూలగొట్టించి, గ్రంథాలు తగలబెట్టించాడు. లొంగని వాళ్ళకు మరణశిక్షలు పడ్డాయి. అలా చనిపోయిన వాళ్ళనే మన తెలుగు క్రైస్తవులు వేదసాక్షులనీ, హతసాక్షులనీ అంటారు. వాళ్ళలో పెళ్ళి కాని ఆడపిల్లలు ఎంతోమంది. ఇటలీ చిత్రకారులు వెయ్యేళ్ళకు పైగా గీస్తూ వచ్చింది వీళ్ళనే.

ఈ పిల్లల కథలు వరసగా చదివితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఊళ్ళో పెద్ద అధికారో, డబ్బున్న వాళ్ళ అబ్బాయో పిల్లను కోరతాడు. పిల్ల వద్దంటుంది. వాడికి అవమానం. వెంటనే ఈమె క్రైస్తవురాలని ఫిర్యాదు! విచారణ మతం పేరు మీద జరుగుతుంది గానీ, కోపమంతా కాదన్నందుకే. ఇది మనకు తెలియని కథా? పెనుగొండ వాసవి కన్యకను రాజు కోరడం, ఆమె అగ్నిలో దూకడం మన పెద్దవాళ్ళు చెప్పగా విన్నదే. ప్రేమించలేదని ఆడపిల్ల ముఖాన యాసిడ్ పోసిన వార్తలూ పేపర్లో చదివాం.

ఒక మాట చెప్పి ముందుకు పోదాం. ఈ కథలన్నీ అక్షరాలా జరిగినవి కావు. వీళ్ళలో చాలామంది పేర్లు, ఊళ్ళు, సమాధుల దగ్గర పూజలు బాగా పాతవే. చిత్రహింసల వివరాలు మాత్రం చాలావరకు తర్వాతి వాళ్ళు రాసుకున్నవి. చెప్పినకొద్దీ కథ పెరగడం మనకూ కొత్త కాదు.

సిసిలీ ద్వీపంలో ఎట్నా అగ్నిపర్వతం కింద కటానియా అని ఊరుంది. అగాత ఆ ఊరి తల్లి. డేసియస్ కాలంలో, 251 ప్రాంతంలో చనిపోయింది. గవర్నరు క్వింతియానస్ ఆమెను కోరాడు, ఆమె ఒప్పుకోలేదు. మనసు మార్చమని వేశ్యాగృహంలో పెట్టించాడట. అక్కడా మారలేదు. చివరికి రొమ్ములు కోయించాడని కథ. తల్లి దగ్గర పాలు తాగినవాడివే, ఈ పని చేయించడానికి సిగ్గుగా లేదా అని ఆమె నిలదీసిందని కూడా చెబుతారు. ఆ రాత్రి జైల్లో పునీత పేతురు కనిపించి గాయాలు మాన్పాడట. ఆ తర్వాత నిప్పుల మీద దొర్లించడంతో ప్రాణం విడిచింది. ఏడాది తిరిగేసరికి ఎట్నా పేలింది. జనం ఆమె సమాధి మీది ముసుగు బట్టను తీసుకెళ్ళి ఎదురు పెడితే లావా ఆగిందని అక్కడి వాళ్ళ నమ్మకం.

అగాతను గీసినవాళ్ళు రెండు రకాలు. 1520లో సెబాస్టియానో దెల్ పియోంబో గీసిన పెద్ద చిత్రం ఫ్లోరెన్స్‌లో పిట్టి ప్యాలెస్‌లో ఉంది. సగం బట్టలు లేని అగాత, రెండు పక్కలా పట్టకార్లు పట్టుకున్న మగవాళ్ళు, ఎదురుగా కూర్చుని తీరిగ్గా చూస్తున్న గవర్నరు. గొప్ప చిత్రమే అంటారు. నాకు మాత్రం ఆ గవర్నరు పక్కన మనల్నీ కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టు అనిపిస్తుంది. రెండో రకం పళ్ళెం పట్టుకున్న అగాత. ఒంటి నిండా బట్టలుంటాయి, ముఖంలో బాధ ఉండదు. జరిగింది ఇదీ అని చూపిస్తుందంతే. నాకు ఈమే నచ్చుతుంది.

పాతకాలం ఇటలీలో మామూలు జనానికి చదువు రాదు. గుళ్ళో నిలబడ్డ ఇరవైమంది పునీతల్లో ఎవరు ఎవరో తెలిసేదెలా? గద చూసి భీముణ్ణి, వేణువు చూసి కృష్ణుణ్ణి మనం గుర్తుపట్టినట్టే వాళ్ళకూ గుర్తులున్నాయి. చేతిలో ఖర్జూరపు మట్ట ఉంటే వేదసాక్షి. అది గెలుపు గుర్తు. దాని పక్కన ఆమెను ఏ వస్తువుతో హింసించారో, ఆమె దగ్గర ఏం లాక్కున్నారో అది ఉంటుంది. ఆడవాళ్ళు ఆ గుర్తు చూసే తమ కష్టం చెప్పుకోవడానికి వెళ్ళేవారు. బాలింతకు పాలు పడకపోతే అగాత దగ్గరకు, కళ్ళు మసకలైతే లూసియా దగ్గరకు, పంటి నొప్పి వస్తే అపొలోనియా దగ్గరకు! డాక్టరు అందని ఇంట్లో ఇల్లాలికి అదే దిక్కు.

ఇప్పుడు రొమ్ము క్యాన్సర్ వచ్చిన వాళ్ళు అగాతకు మొక్కుకుంటారు. మనవైపు రొమ్ములో గడ్డ చేతికి తగిలినా కూతురికి కూడా చెప్పకుండా నెలల తరబడి దాచుకునే ఆడవాళ్ళున్నారు. డాక్టరమ్మకు చూపించడానికే సిగ్గు. అక్కడేమో ఆ సంగతినే పళ్ళెంలో పెట్టి గుడిగోడ మీద నిలబెట్టారు, మగా ఆడా అందరూ చూసేలా.

ఫిబ్రవరి 3 నుంచి 5 వరకు కటానియాలో అగాత పండగ. తెల్ల అంగీలు తొడుక్కున్న భక్తులు వెండి రథాన్ని పొడుగాటి తాళ్ళతో లాగుతారు. మన రథోత్సవాలు తెలిసిన వాళ్ళకు వివరించి చెప్పక్కర్లేదు. పూర్వం ఆ పండగలో ఒక వింత ఆచారం ఉండేది. ఆడవాళ్ళు ఒక కన్ను మాత్రం కనిపించేలా నిలువెల్లా ముసుగు వేసుకుని, మొగుడి అనుమతీ తండ్రి అనుమతీ లేకుండా వీధుల్లో స్వేచ్ఛగా తిరిగేవారు. ఎదురైన మగవాళ్ళ చేత మిఠాయిలు కొనిపించుకునేవారు. ముసుగులో ఉన్నది ఎవరో తెలియదు కాబట్టి అడిగే దిక్కు లేదు! 19వ శతాబ్దంలో ఆగిపోయిన ఆ వేడుకను 2013లో అక్కడి ఆడవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు, ఈసారి తెల్లబట్టలతో, ఎర్రపూలతో.

ఆ పండక్కి చేసే మిఠాయి పేరు చెబితే మీరు నవ్వుతారు. అగాతమ్మ రొమ్ములు! గుండ్రటి చిన్న కేకులు, లోపల తియ్యటి పాలవిరుగుడు, పైన తెల్లటి చక్కెర పూత, నడి నెత్తిన ఎర్రటి చెర్రీ. ఏ మొహమాటం లేకుండా పిల్లలూ పెద్దలూ తింటారు.

కటానియాకు దక్షిణంగా సముద్రం ఒడ్డున సిరాక్యూస్ ఉంది. లూసియాది ఆ ఊరు. ఈమె కథ తల్లి జబ్బుతో మొదలవుతుంది. తల్లి యుటీకియాకు ఏళ్ళ తరబడి రక్తస్రావం. ఎన్ని వైద్యాలు చేసినా తగ్గలేదు. కూతురు తల్లిని వెంటబెట్టుకుని అగాత సమాధి దగ్గరకు తీసుకెళ్ళింది. అక్కడ కలలో అగాత కనిపించి, నీ తల్లికి నయమైందని లూసియాతో చెప్పిందట. అప్పుడు లూసియా తల్లిని అడిగిన కోరిక ఏమిటో తెలుసా? నా పెళ్ళికని దాచిన కట్నం డబ్బు బీదలకు పంచేద్దాం అంది! తల్లి మొదట నేను పోయాక నీ ఇష్టం అంది. చచ్చాక ఇచ్చేది దానం ఎలా అవుతుంది, బతికుండగానే ఇద్దాం అని కూతురు ఒప్పించింది. తల్లీకూతుళ్ళు నగలూ నట్రా అమ్మడం మొదలుపెట్టారు.

ఆ సంగతి చెవిన పడేసరికి, ఆమెను చేసుకోవాలనుకున్న అబ్బాయి నేరుగా వెళ్ళి అధికారికి ఫిర్యాదు చేశాడు. పిల్ల మీద ప్రేమో, కట్నం మీద ప్రేమో మీరే చెప్పండి. వేశ్యాగృహానికి ఈడ్చుకెళ్ళమని తీర్పు వచ్చింది. ఎంత లాగినా ఆమె కదల్లేదు. ఎద్దులను కట్టి లాగించినా కదల్లేదట. 1532లో లొరెంజో లొట్టో అనే చిత్రకారుడు యేసి అనే ఊరి కోసం ఈ కథ గీశాడు. పీఠం కింది చిన్న పలకల మీద ఎద్దులు వరసగా బారులు తీరి ఉంటాయి, ఆ పిల్లేమో కొయ్యలా నిలబడి ఉంటుంది. చివరికి గొంతులో కత్తి దింపారు. అది 304 అంటారు.

మరి కళ్ళ సంగతి? పాత కథలో కళ్ళు పీకడం అన్నదే లేదు. లూసియా అన్న పేరు లాటిన్‌లో వెలుగు అన్న మాటకు దగ్గర. వెలుగంటే కళ్ళు. అలా పేరులోంచి కళ్ళు వచ్చాయి, కళ్ళు వచ్చాక వాటికో కథ వచ్చింది. ఫ్రాంచెస్కో దెల్ కొస్సా 1473 ప్రాంతంలో గీసిన లూసియా ఇప్పుడు అమెరికాలో వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. అందులో పళ్ళెం లేదు. పువ్వును పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో ఒక కాడ పట్టుకుని ఉంటుంది. కాడ చివర మొగ్గల్లా రెండు కళ్ళు! ముఖాన ఆమె కళ్ళు ఆమెకు ఉండనే ఉన్నాయి. ఒక్కసారి చూస్తే మరిచిపోలేం.

కరవాజియో గీసిన లూసియా వేరు. ఇతను కోపిష్టి మనిషి, హత్య చేసి రోమ్ నుంచి పారిపోయినవాడు. 1608లో మాల్టా జైలు నుంచి తప్పించుకుని సిరాక్యూస్ వచ్చి లూసియా అంత్యక్రియలు గీశాడు. బొమ్మ ముందుభాగం అంతా గొయ్యి తవ్వుతున్న ఇద్దరు భారీ మనుషులే. వాళ్ళ మధ్య సందులోంచి నేల మీద పడి ఉన్న పిల్ల కనిపిస్తుంది. పళ్ళెం లేదు, కాడ లేదు. పైన సగం బొమ్మ ఖాళీ గోడ. ఇంట్లో చావు చూసిన వాళ్ళకు ఆ ఖాళీ అర్థమవుతుంది.

లూసియా గురించి దొరికిన బాగా పాత సాక్ష్యం ఒక సమాధి రాయి. 1894లో సిరాక్యూస్ భూగర్భ సమాధుల్లో బయటపడింది. అది 400 ప్రాంతపుది. యుస్కియా అనే ఇల్లాలు పాతికేళ్ళ వయసులో చనిపోతే ఆమె భర్త చెక్కించాడు. లూసియమ్మ పండగ నాడే ఆమె పోయిందని అందులో రాయించాడు. ఏ రాజో, గురువో కాదు చూడండి. భార్య పోయిన మామూలు మనిషి ఆ మాట రాయి మీద ఎక్కించాడు కాబట్టే, అప్పటికే ఆ ఊళ్ళో లూసియా పండగ ఉండేదని లోకానికి తెలిసింది.

పట్టకారు పట్టుకున్న అపొలోనియా ఇటలీ మనిషి కాదు. ఈజిప్టులో అలెగ్జాండ్రియా. 249లో అల్లరిమూక ఆమె పళ్ళు రాలగొట్టి, మంట పెట్టి బెదిరిస్తే ఆమే అందులోకి దూకిందని ఆ కాలపు బిషప్పు ఉత్తరంలోనే ఉంది. ఈమె విషయంలో నాకో ఫిర్యాదు ఉంది. ఆ ఉత్తరం ప్రకారం ఆమె వయసు మళ్ళిన మనిషి. ఇటలీ వాళ్ళ బొమ్మల్లోనేమో పదహారేళ్ళ పడుచు! పియెరో దెల్లా ఫ్రాంచెస్కా అంతటివాడు కూడా పడుచుపిల్లనే గీశాడు. ముసలామె ధైర్యం బొమ్మకు పనికిరాదా ఏం?

ఆగ్నేస్ మాత్రం నిజంగానే పసిది. పన్నెండు పదమూడేళ్ళు అంటారు. రోమన్ చట్టంలో ఆడపిల్లకు పెళ్ళి వయసు పన్నెండే, కాబట్టి సంబంధాలు రావడంలో ఆశ్చర్యం లేదు. కాదంది, చంపేశారు. ఆమె సమాధి దగ్గర కట్టిన గుడి రోమ్ ఊరి బయట ఉంది. ఏడో శతాబ్దంలో, 625-638 మధ్య పోపు హొనోరియస్ ఆ గుడిలో గాజు ముక్కలు అతికించి ఆగ్నేస్ బొమ్మ చేయించాడు. బంగారు రంగు ఆకాశం ముందు రాళ్ళు పొదిగిన బట్టల్లో మహారాణిలా నిలబడి ఉంటుంది. కాళ్ళ దగ్గర కత్తి, చిన్న మంటలు. అంతే. హింసను కాళ్ళ కిందికి తోసేసి పిల్లను రాణిని చేశారు. తర్వాతి బొమ్మల్లో ఆమె పక్కన గొర్రెపిల్ల ఉంటుంది, లాటిన్‌లో గొర్రెపిల్లను ఆగ్నుస్ అంటారు కాబట్టి. ఏటా జనవరి 21న ఆమె గుడిలో రెండు గొర్రెపిల్లలను ఆశీర్వదించడం ఆచారం. ఆర్చిబిషప్పులు మెడలో వేసుకునే తెల్లటి ఉన్ని పట్టీ ఆ ఆచారంతో ముడిపడినదే. మన కతోలిక కుటుంబాల్లో వినిపించే ఆగ్నేసమ్మ పేరు ఈ పిల్లదే. లూసీ, సిసిలియా అన్న పేర్లూ ఇలా వచ్చినవే.

సిసిలియా బొమ్మ కూడా రోమ్‌లోనే, ఆమె పేరున్న గుడిలో ఉంది. 1599లో సమాధి తెరిచారు. మరుసటి ఏడు స్టెఫానో మదెర్నో పాలరాతిలో ఆమెను చెక్కాడు. పక్కకు ఒరిగి పడుకుని ఉంటుంది. ముఖం మనవైపు ఉండదు, నేలవైపు తిరిగి ఉంటుంది. మెడ మీద సన్నటి గాటు. నిద్రపోతున్న పిల్లకు దుప్పటి కప్పబోయి ఆ గాటు చూసినట్టు ఉంటుంది.

రవెన్నా అనే ఊళ్ళో ఆరో శతాబ్దపు గుడి గోడ మీద ఈ కన్యలు ఇరవై ఇద్దరు వరసగా నడిచి వెళుతుంటారు. అందరికీ బంగారు అంగీ, తెల్ల మేలిముసుగు, చేతిలో కిరీటం, తల మీదుగా పేరు. వరస చివర బాలయేసును ఒళ్ళో పెట్టుకున్న మరియమ్మ. ఆ వరసలో పెర్పెతువ, ఫెలిసిత అన్న పేర్లు చూసి నేను ముచ్చటపడ్డాను. 203లో కార్తేజ్‌లో చనిపోయిన వాళ్ళిద్దరూ కన్యలు కారు, తల్లులు! పెర్పెతువకు చంటిబిడ్డ. ఫెలిసిత జైల్లోనే ప్రసవించింది. కన్యల వరసలో వాళ్ళకూ చోటిచ్చి అదే అంగీ తొడిగారు.

ఇంతవరకు చెప్పిన బొమ్మల్లో పేరు తెలిసిన చిత్రకారులంతా మగవాళ్ళే. ఇక ఆర్తెమీసియా జెంటిలెస్కి గురించి చెప్పాలి. 1593లో రోమ్‌లో పుట్టింది. పన్నెండేళ్ళకే తల్లి పోయింది. తండ్రి దగ్గర బొమ్మలు నేర్చుకుంది. 1611లో తండ్రితో కలిసి పనిచేసే అగొస్తీనో తాస్సి అనే చిత్రకారుడు ఆమెను బలాత్కారం చేశాడు. మరుసటి ఏడు కోర్టుకు వెళ్ళారు. అక్కడ, నిజం చెబుతున్నదో లేదో తేల్చడానికని ఆమె వేళ్ళకే తాళ్ళు చుట్టి బిగించారు! కుంచె పట్టే వేళ్ళు. అయినా మాట మార్చలేదు. వాడికి శిక్ష పడింది గానీ సరిగ్గా అమలు కాలేదు. అప్పటికి తనకు రాయడం రాదని ఆమే కోర్టులో చెప్పింది.

తర్వాత పెళ్ళయి ఫ్లోరెన్స్ వెళ్ళింది. అక్కడ 1615-17 మధ్య తన ముఖంతోనే అలెగ్జాండ్రియా కాతెరీనమ్మను గీసింది. ఈమెదీ ఇదే కథ. రాజును కాదంది. మేకుల చక్రానికి కట్టి చంపబోతే చక్రమే విరిగిపోయింది. అసలు ఈ కాతెరీన ఉండేదా అన్న అనుమానంతో 1969లో చర్చి ఆమె పండగను క్యాలెండర్‌లోంచి తీసేసింది, 2002లో మళ్ళీ చేర్చింది. ఆర్తెమీసియాకు ఆ అనుమానంతో పనేముంది? విరిగిన చక్రం మీద చెయ్యి ఆన్చి, ఆ చేతి వేళ్ళు మనకు కనిపించేలా కూర్చుని, నేరుగా మన కళ్ళలోకి చూస్తుంది. ఆ బొమ్మను 2018లో లండన్ నేషనల్ గ్యాలరీ కొనుక్కుంది.

ఇంత చెప్పి వంట చెప్పకపోతే ఎలా? డిసెంబరు 13న లూసియమ్మ పండగకు సిసిలీలో కుచ్చియా అని చేస్తారు. 1646లో అక్కడ కరువు వచ్చింది. ఆ పండగ నాడే రేవుకు గోధుమల ఓడ వచ్చిందట. ఆకలి మీదున్న జనం పిండి ఆడించుకునే ఓపిక కూడా లేక గింజలు అలాగే ఉడకబెట్టుకు తిన్నారట. ఆ గుర్తుగా ఇప్పటికీ పలెర్మో వైపు ఆ రోజు రొట్టె ముట్టరు.

మన ఇంట్లో చేసుకోవాలంటే ఒక గ్లాసు గోధుమలు ఒక రాత్రీ ఒక పగలూ నానబెట్టండి. వాళ్ళు రెండు మూడు రోజులు నానబెడతారు గానీ మన ఎండలకు పులుస్తాయి. మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చాలి. చిటికెడు ఉప్పు వేసి కుక్కర్లో గింజ పగిలేదాకా ఉడికించి, వార్చి, బాగా చల్లారనివ్వండి. ఒక లీటరు పాలు కాచి నిమ్మరసంతో విరగ్గొట్టి, గుడ్డలో వడకట్టండి. గట్టిగా పిండకండి, తడి ఉండాలి. అందులో అర గ్లాసు చక్కెర పొడి వేసి చేత్తో మెత్తగా మెదిపి, గోధుమలు కలపండి. పైన కాస్త దాల్చినచెక్క పొడి, టూటీ ఫ్రూటీ, పిల్లలుంటే నాలుగు చాక్లెట్ ముక్కలు. నలుగురికి సరిపోతుంది. గోధుమలు వేడి మీద కలిపితే విరుగుడు నీరు కారుతుంది, అదొక్కటి చూసుకోండి.